డయాలసిస్ రోగి కాలికి స్టెమ్ సెల్స్: సొంత కణాలా, దాత కణాలా?

ల్యాబ్_గిరి:
డయాలసిస్ రోగి. కాలి రక్తనాళాలు మూసుకుపోయాయి, బెలూన్‌తో తెరవడానికీ బైపాస్ ఆపరేషన్‌కీ వీలులేదు, మానని పుండు. ట్రయల్‌లో స్టెమ్ సెల్స్ ఇవ్వాలంటే ఎవరివి? సొంతవే అంటాను, కాకపోతే ముందు రిపేరు చేసి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ల మెసెంకైమల్ కణాలు (ఎముక మజ్జలాంటి చోట్ల దొరికే ఒక రకం స్టెమ్ సెల్స్) సరిగా పెరగవు, త్వరగా ముసలివైపోతాయి. కిడ్నీ పనిచేయక రక్తంలో పేరుకునే పి-క్రెసాల్ లాంటి విషాలు వాటి మైటోకాండ్రియాను, అంటే కణానికి శక్తినిచ్చే భాగాలను, దెబ్బతీస్తాయి. కొరియా పరిశోధకులు ఇలాంటి కణాలకు కల్చర్ డిష్‌లోనే (కణాలు పెంచే గిన్నెలో) మెలటోనిన్ అనే హార్మోన్ ఇచ్చి చూశారు. కణాల్లో మామూలుగా ఉండే ప్రియాన్ ప్రొటీన్ పెరిగింది, మైటోకాండ్రియా తేరుకుంది, కాలి ధమని కట్టేసిన ఎలుకల్లో రక్తప్రసరణ మెరుగుపడింది. పియోగ్లిటజోన్ అనే షుగరు మందుతోనూ పి-క్రెసాల్ దెబ్బ తగ్గింది.

వాస్క్యులర్_వంశీ:
గిరి గారూ, ఎలుకలో ఒక్కచోట కడతారు, పక్కదారి నాళాలు బాగానే ఉంటాయి. మన రోగికి మోకాలి కింది నాళాలన్నీ కాల్షియం పట్టి రాయైపోయి ఉంటాయి. పైగా మజ్జ తీసి కోట్ల కణాలు పెంచాలంటే వారాలు పడుతుంది. పుండు అన్నాళ్లు ఆగుతుందా? దాత కణాలైతే ద్రవ నైట్రోజన్‌లో సిద్ధంగా ఉంటాయి. బెంగళూరులో తయారయ్యే స్టెంప్యూసెల్ అనే మందు అలాంటిదే: కిలో బరువుకు 20 లక్షల కణాలు, పిక్క కండలోకి.

నెఫ్రో_విశాఖ:
దానికి 2016లో మొదట అనుమతి వచ్చింది బర్జర్స్ జబ్బుకు, అంటే కాళ్లూ చేతుల నాళాలు వాచి మూసుకుపోయే జబ్బుకు. పొగాకు అలవాటున్న వయసు మగవాళ్లలో ఎక్కువగా వచ్చే జబ్బది. ఆ ఫలితాన్ని డయాలసిస్ కాలికి అతికించకండి. నా అసలు భయం వేరు. కిడ్నీ మార్పిడికి జీవన్‌దాన్ (అవయవదాన పథకం) లిస్టులో ఉన్న రోగికి దాత కణాలిస్తే హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు, అంటే పరాయి కణజాలాన్ని ఎదిరించే ప్రొటీన్లు, పుట్టొచ్చు. కాలు దక్కినా సరిపోయే కిడ్నీ దొరకడం కష్టమవుతుంది. ఇంజెక్షన్‌కి ముందు, నెల తర్వాత ఆ యాంటీబాడీలను పట్టే సింగిల్ యాంటిజెన్ బీడ్ రక్తపరీక్ష తప్పనిసరి. మార్పిడికి వీలులేదని తేలిన పెద్దవయసువాళ్లకైతే దాత కణాలకు నాకు అభ్యంతరం లేదు.

వాస్క్యులర్_వంశీ:
ఒప్పుకుంటాను. కానీ సొంత కణాల చరిత్ర కూడా చూడండి. నెదర్లాండ్స్ జువెంటాస్ ట్రయల్‌లో 160 మందికి సొంత మజ్జ కణాలో, ప్లాసిబోనో (మందు లేని ఉత్తుత్తి ద్రవం) మూడుసార్లు ధమనిలోకి ఎక్కించారు. 2015లో ఫలితం వచ్చింది: పెద్ద ఆంప్యుటేషన్లు (కాలు తీసేయడం) తగ్గలేదు.

ల్యాబ్_గిరి:
అవి ల్యాబ్‌లో పెంచని, మజ్జ నుంచి నేరుగా వేరుచేసిన మోనోన్యూక్లియర్ కణాలు (రకరకాల కణాల మిశ్రమం) సార్, రిపేరూ లేదు. దాంతో దీన్ని కొట్టేయలేం.

వార్డ్_శారద:
ఎవరి కణాలైనా పాడయ్యేది మంచం పక్కనే. గడ్డకట్టించిన కణాలను 37 డిగ్రీల నీళ్లలో కరిగించాక డీఎంఎస్‌ఓలో (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం) ఊరికే ఉంచితే చస్తాయి. బతికున్నవి 70 శాతం లోపైతే వాడొద్దు. సిరంజిలో కణాలు అడుగుకు దిగుతాయి, మెల్లగా తిప్పుతుండాలి. లేకపోతే మొదటి పోట్లకు ముద్దలు, చివరి పోట్లకు వట్టి సెలైన్. డయాలసిస్ రోజున ఒంట్లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఉంటుంది, నలభై పోట్లు పొడిస్తే పిక్కంతా రక్తం గడ్డ. డయాలసిస్ లేని మధ్య రోజు పెట్టుకోండి.

కొలతలూ అంతే. నాళం గట్టిపడితే బీపీ కఫ్ దాన్ని నొక్కలేదు, ఏబీఐ (చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే అంకె) 1.4 దాటి కాలు బాగున్నట్టే చూపిస్తుంది. బొటనవేలి పీడనం చూడాలి. చర్మం మీది ఆక్సిజన్ కొలత వాపుంటే తగ్గుతుంది, డయాలసిస్ నడుస్తున్నప్పుడూ పడిపోతుంది. ముందూ వెనకా ఒకే వారం, ఒకే గదిలో కొలవకపోతే మెరుగుదల కణాలదో, నీరు తీసినందుకో తేలదు.

నెఫ్రో_విశాఖ:
శారదమ్మా, చివరి మాట పట్టుకోవాలి. గిరి గారికి ఒకటే ప్రశ్న: ఇండాక్సిల్ సల్ఫేట్ అనే ఇంకో విషం రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్‌కి అతుక్కుని ఉంటుంది, నాలుగు గంటల డయాలసిస్‌లో పెద్దగా పోదు. డిష్‌లో బాగుచేసిన కణం మళ్లీ అదే రక్తంలో పడుతుంది. ఎన్ని రోజులు నిలుస్తుంది?

ల్యాబ్_గిరి:
శాశ్వతంగా నిలవాలని కాదు సార్. మొదటి కొద్దిరోజుల్లో వీఈజీఎఫ్ లాంటి, నాళాలను పెంచే ప్రొటీన్లు వదిలితే పక్క నాళాలు మొలకెత్తుతాయి. అందుకే ఒక్క డోసుతో ఆపకుండా నెలకోసారి రెండు మూడు డోసులు పోల్చి చూడాలంటాను.