పెద్ద టోర్నీ టికెట్లు, హోటల్ గదులు: ఇప్పుడే కొనాలా, ధర దిగేదాకా ఆగాలా?

ప్రశ్న

అంతర్జాతీయ స్థాయి టోర్నీలో ఒక్క మ్యాచ్‌నైనా మైదానంలో కూర్చొని చూడాలని మేము నలుగురం అనుకున్నాం. అధికారిక విక్రయంలో మా వంతు వచ్చేసరికి తక్కువ ధర టికెట్లన్నీ అయిపోయాయి. రీసేల్‌లో, అంటే కొన్నవారు తిరిగి అమ్మేచోట, ఉన్నవి అసలు ధరకు ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. హోటళ్లవారు మ్యాచ్ రోజుకు మాత్రమే గది ఇవ్వరట, కనీసం నాలుగు రాత్రులకు డబ్బు కట్టాలట, రద్దు చేసుకుంటే అది తిరిగి రాదట. ఈ ధరలకు ఇప్పుడే కొనడం మంచిదా, ఆగడం మంచిదా?

మొదటి సమాధానం

గది విషయంలో అది పోటీ తీరును బట్టి ఉంటుంది. ఒలింపిక్స్ వంటి వాటికి నిర్వాహక సంఘం అధికారులు, స్పాన్సర్లు, విలేకరుల కోసం వేలాది గదులను చాలా ముందుగానే తన పేరిట అట్టిపెట్టుకుంటుంది కాబట్టి, బయటివారికి ఊళ్లో గదులే లేవనిపిస్తుంది, మిగిలిన కొద్దిపాటి గదులకు యజమానులు నోటికొచ్చిన ధర చెబుతారు. పోటీలు దగ్గరపడ్డాక అక్కర లేని గదులు మళ్లీ అమ్మకానికి వస్తాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌కు ముందు అదే జరిగింది. 2024లో పారిస్‌లోనైతే రద్దీకి జడిసి మామూలు పర్యాటకులు రావడం మానుకోవడంతో, ఆకాశాన్నంటిన ధరలు ప్రారంభోత్సవానికి ముందే దిగివచ్చాయి.

అందరూ ఒకే రోజు ఒకే ఊరికి చేరే మ్యాచ్‌కు మాత్రం ఈ లెక్క నమ్ముకోకండి. 2023 వన్డే ప్రపంచ కప్‌లో భారత్, పాకిస్థాన్ తలపడిన అహ్మదాబాద్ మైదానంలో లక్షకు పైగా జనం పడతారు. పైగా మొదట అక్టోబరు 15న అని ప్రకటించిన ఆ మ్యాచ్‌ను తర్వాత 14కు మార్చారు. రద్దు చేసుకునే వీలు లేని గదిని ముందే తీసుకున్నవారి గతి ఏమై ఉంటుందో మీరే ఆలోచించండి. కాస్త ఎక్కువైనా రద్దు చేసుకోగల గదినే ఇప్పుడు పట్టి ఉంచి, ధర దిగితే మార్చుకోండి.

రెండో సమాధానం

టికెట్ల దగ్గర, ఆగితే ధర దిగుతుందా లేదా అనేదానికన్నా రీసేల్ నిబంధన ఏమిటన్నదే ముఖ్యం. పారిస్ ఒలింపిక్స్ అధికారిక రీసేల్‌లో టికెట్‌ను అసలు ధర కంటే ఎక్కువకు పెట్టనివ్వలేదు, కనుక ఓపిక పట్టినవారికి న్యాయమైన ధరకే దొరికే అవకాశం ఉండేది. 2026 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు, దాన్ని నిర్వహించే ఫిఫా సంస్థ అమెరికాలో ఎంత ధరకైనా అమ్ముకోనిచ్చి, కొన్నవారి దగ్గర 15 శాతం, అమ్మినవారి దగ్గర మరో 15 శాతం రుసుము పెట్టింది. అంటే వంద డాలర్లకు పెట్టిన టికెట్‌కు కొనేవారు 115 కడతారు, అమ్మినవారి చేతికి 85 వస్తాయి, మధ్యలో 30 సంస్థకే చేరుతుంది. ధర పెరిగే కొద్దీ తన వాటా పెరిగే సంస్థ దాన్ని అదుపు చేస్తుందని నేననుకోను. అభిమానుల విమర్శల తర్వాత 2025 డిసెంబరులో 60 డాలర్ల టికెట్లు ప్రకటించినా, అవి కొద్దిపాటివే, అవి కూడా ఆయా దేశాల ఫుట్‌బాల్ సంఘాల ద్వారానే. ఏదేమైనా అధికారిక వేదిక బయట మాత్రం కొనకండి. టికెట్ ఫోన్ యాప్‌లోనే ఉండే పోటీలకు స్క్రీన్‌షాట్ చూపితే గేటు దగ్గర లోపలికి పంపరు.

మూడో సమాధానం

నలుగురికీ పక్కపక్క సీట్లే కావాలన్న పట్టు వదిలితే విడి టికెట్లు తేలికగా దొరుకుతాయి. గదిని రైలు మార్గంలోని పక్క ఊళ్లో చూసుకోండి, కానీ చివరి రైలు ఎన్నింటికో తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. ఫుట్‌బాల్‌లో ఓడినవారు ఇంటిదారి పట్టే నాకౌట్ మ్యాచ్ అయితే, స్కోరు సమమైతే ఆడించే అదనపు సమయం 30 నిమిషాలు, ఆపై పెనాల్టీ కిక్‌లు, గేటు దాటడానికి పట్టే సమయం కూడా కలుపుకోండి.