టెక్సస్: చార్టర్ సీటు తీసుకోవాలా, ప్రైవేట్‌లో వేయాలా? ఆల్జీబ్రా క్రెడిట్ దగ్గర ఆగిపోయాం

మేముండేది డాలస్ దగ్గర. ఆగస్టులో మా పాప 6వ తరగతికి వెళ్తుంది. చార్టర్ స్కూల్ (ప్రభుత్వ డబ్బుతో విడిగా ఒక సంస్థ నడిపే స్కూల్) సీట్ల లాటరీలో వెయిట్‌లిస్ట్ నంబర్ 14 వస్తే ఆశ వదిలేసుకుని, ఒక ప్రైవేట్ స్కూల్లో 500 డాలర్ల డిపాజిట్ కట్టేశాం. మొన్న సోమవారం చార్టర్ వాళ్లు సీటుందని మెయిల్ పెట్టారు. శుక్రవారంలోగా చెప్పాలట. డిపాజిట్ తిరిగి రాదు, సరే పోనీ.

చార్టర్‌లో ఫీజు లేదు, బస్సూ లేదు. 3:20 పికప్‌కి ఊరికే వెళ్లి చూస్తే కార్ల లైన్ కదలడానికే 35 నిమిషాలు పట్టింది. ప్రైవేట్‌లో ఏడాదికి 15,800 డాలర్లు, కానీ సాయంత్రం 6 దాకా ఉంచుకుంటారు. ఎక్సెల్ షీట్ కూడా వేశాం. మా ఆవిడ షీట్‌లో ఒకటి గెలిచింది, నా షీట్‌లో ఇంకోటి!

తేలనిది ఒక్కటే. పాప 8వ తరగతిలోనే ఆల్జీబ్రా 1 చేస్తుంది, అది హైస్కూల్ క్రెడిట్ వచ్చే లెక్కల కోర్సు. 9కి ఎలాగూ పబ్లిక్ హైస్కూలే. చార్టర్ కూడా పబ్లిక్ స్కూలే కాబట్టి అక్కడ స్టార్ (STAAR, టెక్సస్ రాష్ట్రం పెట్టే పరీక్ష) రాస్తారు. మేం చూసిన ప్రైవేట్‌లో అది లేదు. హైస్కూల్ కౌన్సిలర్‌కి రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు రాలేదు.

టెక్సస్‌లో ఇలా ప్రైవేట్ నుంచి పబ్లిక్ హైస్కూల్‌కి మారిన మీ పిల్లలకు ఆల్జీబ్రా 1 క్రెడిట్ నేరుగా ఇచ్చారా, మళ్లీ పరీక్ష పెట్టారా?