దురద ఉన్న గుర్రాన్ని ఈనించవచ్చా, వద్దా?

మంజీర ఒడ్డు (దెగ్లూర్):
అందరికీ నమస్కారం. మాది దెగ్లూర్ దగ్గర పల్లె. పెళ్లి బారాత్‌లకు గుర్రాలు నడుపుతాం, ఇంట్లో మూడున్నాయి. అందులో నుక్రా (ఒళ్లంతా తెల్లగా ఉండే రకం) ఆడగుర్రం గురించి అడుగుతున్నా. మూడేళ్ల కింద మాళేగావ్ ఖండోబా జాతరలో కొన్నాం. అప్పుడు దానికి నాలుగేళ్లు. జూలు మెడ నిండా, తోక నేలకు తగిలేంత. జాతరలో దాని చుట్టూ జనం మూగారు.

మొదటి వానాకాలం తోకను గోడకు రాసుకుంటుంటే పట్టించుకోలేదు. రెండో ఏడు జూలు సగం పోయింది. ఈ ఏడు ఆషాఢంలోనే మొదలైంది. మెడ మీద వెంట్రుక లేదు, తోలు మందమై మడతలు పడింది, తోక మొదట్లో నెత్తురు వచ్చేదాకా రాసుకుంటోంది. రాత్రి కట్టుకొయ్యకు దాని రాపిడి చప్పుడు వింటూ పడుకోవడం నావల్ల కావడం లేదు. పశువుల డాక్టరు తోలు గీకి పరీక్ష చేసి, గజ్జి కాదు, పేలు కాదు, సన్న పురుగు కాటుకు వచ్చే అలర్జీ అన్నారు. ఒక ఇంజెక్షన్ ఇస్తే కొన్నాళ్లు హాయిగా ఉంది, మళ్లీ మామూలే.

ఇప్పుడు ఇంట్లో అసలు గొడవ ఇది. వచ్చే ఎండాకాలం క్రాసింగ్ చేయిద్దామని నాన్న పట్టుబట్టాడు. నాందేడ్ వైపు మంచి మగగుర్రం ఉంది. నుక్రా పిల్ల పుడితే మా అప్పు సగం తీరుతుంది, నిజమే. కానీ ఈ బాధ పిల్లకు కూడా అంటుకుంటే? నాకు మనసు ఒప్పడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాత సాయీసు (బిలోలి):
తమ్మీ, నేను నలభై ఏళ్లుగా గుర్రాల మధ్యనే బతికినవాణ్ణి. ఇది ఒంట్లో వేడి. ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లు ఆగిపోతాయి. గుర్రం నిలబడ్డ చోటే నిలబడి శనగలు తింటుంది. ఆ తిన్నది ఎక్కడికి పోవాలి? తోలు మీదికి వస్తుంది. కార్తీకం దాటి ముహూర్తాలు మొదలై రోజూ నడిస్తే దురద పోతుంది. నీది కూడా చలికాలంలో పోతుందా లేదా చెప్పు. దాణా తగ్గించు, పొద్దున్నే రెండు మైళ్లు తిప్పు. నాన్న చెప్పింది చెయ్యి. ఇంత అందమైన ఆడగుర్రాన్ని గొడ్డుగా ఉంచడం తప్పు.

పశువైద్య సహాయకుడు (మద్నూర్):
కాకా అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ అన్నా, మీ మూడు గుర్రాలూ అవే శనగలు తింటున్నాయి, మూడూ ఆషాఢంలో ఖాళీగానే ఉన్నాయి. దురద ఒక్కదానికే ఎందుకు? వేడి అయితే మూడింటికీ రావాలి.

కుట్టేది నుసుము. క్యూలికాయిడ్స్ అంటారు. పొడవు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు, అందుకే మన కంటికి ఆనదు. ఆడ నుసుములే నెత్తురు తాగుతాయి, ఎక్కువగా పొద్దుగూకే వేళ, తెల్లవారుజామున. తడి బురద, పేడ కలిసిన మురుగు, కాలువ గట్టు, ఇవీ అవి పుట్టే చోట్లు. కుట్టినప్పుడు వాటి లాలాజలం తోలులోకి వెళ్తుంది. చాలా గుర్రాలకు చిన్న దద్దురు లేచి పోతుంది. కొన్నింటి ఒళ్లు మాత్రం ఆ లాలాజలాన్ని పెద్ద శత్రువుగా చూస్తుంది, మనలో కొందరికి వేరుశనగ పడనట్టు. చలికాలంలో తగ్గేది గుర్రం నడిచినందుకు కాదు కాకా, నుసుములు తగ్గినందుకు.

ఇంజెక్షన్ సంగతి. అది స్టెరాయిడ్ అయి ఉంటుంది. దురద చప్పున తగ్గుతుంది, కానీ మాటిమాటికీ ఇస్తే గిట్టలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బారాత్ గుర్రానికి గిట్ట పోతే ఇంకేం మిగలదు. డాక్టరును అడగకుండా మెడికల్ షాపులో కొని వేయించకండి.

ఈనించే విషయం: వద్దు. ఈ అలర్జీకి వంశం పాత్ర ఉంది. ఐస్‌లాండ్ గుర్రాల మీద స్వీడన్‌లో, షెట్లాండ్ పోనీల మీద నెదర్లాండ్స్‌లో పరిశోధన చేసి ఆ మాటే తేల్చారు.

పాత సాయీసు (బిలోలి):
నువ్వు ఐస్‌లాండ్ పేరు ఎత్తావు కాబట్టి మా మనవణ్ణి అడిగి చదివించుకున్నా. ఆ దేశంలో ఈ పురుగు లేనట్టే కదా. అక్కడ పుట్టి పెరిగిన గుర్రాన్ని వేరే దేశానికి తీసుకుపోతే దురద పట్టుకుంటుందట. అదే జాతి గుర్రం ఆ వేరే దేశంలోనే పుడితే చాలా తక్కువ వాటికే వస్తుందట. మరి అప్పుడు తప్పు నెత్తురుదా, చోటుదా? ఈ నుక్రా ఏ ఎడారి వైపు నుంచో వచ్చి ఉంటుంది. మంజీర ఒడ్డున బురదలో కట్టేస్తే ఒళ్లు తట్టుకోలేదు. దాని పిల్ల ఇక్కడే పుడుతుంది, మొదటి రోజు నుంచే ఈ పురుగు కాటు తింటుంది, అలవాటు పడుతుంది. నీ లెక్క ప్రకారమే పిల్ల బాగుంటుంది. జవాబు చెప్పు.

పశువైద్య సహాయకుడు (మద్నూర్):
కాకా, ఇంత గట్టి వాదన నేను ఊహించలేదు. మీరు చదివింది నిజం. పెద్దయ్యాక మొదటిసారి నుసుము కాటు తిన్న గుర్రాలకు ముప్పు చాలా ఎక్కువ, చిన్నప్పటి నుంచి తింటూ పెరిగినవాటికి తక్కువ. తక్కువే, లేకపోలేదు. ఒకే చోట పుట్టి, ఒకే గడ్డి మేసి పెరిగిన పిల్లల్లో కూడా దురద ఉన్న తల్లి పిల్లలకు ముప్పు ఎక్కువ. ఒక్క జీన్‌తో తేలేది కాదిది, చాలా కలిస్తే వచ్చేది. అందుకే తప్పకుండా వస్తుందని నేను అనను. తప్పకుండా రాదని మీరూ అనలేరు. అన్నవాళ్ల నుక్రా ఎక్కడ పుట్టిందో కూడా మనకు తెలియదు. నుసుములున్న చోటే పుట్టి ఉంటే మీ వాదన మొత్తం తిరగబడుతుంది.

పైగా పుట్టిన ఏడే ఇది బయటపడదు. ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య కనిపిస్తుంది. అంటే పిల్లను పెంచి, నేర్పించి, అమ్మే వేళకో, అమ్మేశాకో తెలుస్తుంది.

గొర్ల మంద (ధర్మాబాద్):
గుర్రాల సంగతి నాకు తెలియదు. నుసుముల సంగతి తెలుసు. మా గొర్లకు వచ్చే నీలి నాలుక రోగం ఇదే పురుగు మోసుకొస్తుంది. మూతి వాచి, చొంగ కారి, కుంటుతూ పడిపోతాయి. వానలు పడగానే మందను గోదావరి ఒడ్డు నుంచి గడ్డ మీదికి, గాలి ఆడే చోటికి తోలుతాం. గుర్రాన్ని కాలువ పక్కన కట్టేసి మందులు వెతికితే ఏం లాభం? ముందు చోటు మార్చు.

బారాత్ ఇల్లాలు (ధర్మాబాద్):
తమ్ముడూ, ఈ బాధ మా ఇంట్లో ఆరేళ్లుగా ఉంది. మా ఆయన గుర్రంతో ఊళ్లు తిరుగుతాడు, సాయంత్రం దాని పని నాది. నీ పోస్టులో రాపిడి చప్పుడు అన్న మాట చదవగానే మాది గుర్తొచ్చింది.

ముందు మేం చేసిన తప్పు చెబుతా, నువ్వు చేయకు. ఎవరో చెప్తే పాత ఇంజిన్ ఆయిల్ పూశాం. పుండు పడ్డ తోలు కాలిపోయి ఊడింది. నెల రోజులు చెయ్యి వేయనివ్వలేదు, నన్ను చూస్తేనే వెనక్కి జరిగేది. తర్వాత కొట్టం మూసి పిడకలు, వేపాకు పొగ వేశాం. నుసుములు తగ్గాయి, గుర్రానికి దగ్గు పట్టుకుంది. పొగ వేస్తే తలుపులు తెరిచి, గుర్రానికి దూరంగా వెయ్యాలని డాక్టరు తిట్టాక తెలిసింది.

పనికొచ్చినవి: కొట్టం పక్క మురుగు గుంట పూడ్చాం, పేడ రోజూ దూరంగా వేస్తున్నాం. ఐదు గంటలకల్లా లోపల కట్టేసి, తెల్లగా తెల్లవారాకే బయటికి తెస్తాం. పెద్ద ఫ్యాను నేరుగా ఒంటి మీదికి పెట్టాం. నుసుముకు ఎగిరే బలం తక్కువ, ఆ గాలిలో నిలవలేదు. మాకు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఫ్యానే. కిటికీకి మామూలు దోమల జాలీ కొట్టాం, దండగ, ఆ కన్నాల్లోంచి దూరిపోతాయి. చాలా సన్న నేత జాలీ కావాలి. మెడ నుంచి తోక దాకా కప్పేలా పాత కాటన్ పంచెలతో తొడుగు నేనే కుట్టాను. డాక్టరు రాసిన పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఆయన చెప్పిన లెక్కలోనే, పుండ్లు లేని చోటే. ఇవన్నీ దురద మొదలయ్యాక కాదు, తొలకరికి ముందే మొదలుపెట్టాలి. నిరుడు అలా చేస్తే జూలు మూడొంతులు నిలిచింది.

ఇక ఈనించడం. ఈ పని నేను ఒక గుర్రానికి చేస్తున్నా. ఒక్క సాయంత్రం మానడానికి లేదు, పుట్టింట్లో పెళ్లికి కూడా రాత్రి ఉండలేదు. గుర్రం పాతికేళ్లు బతుకుతుంది. పుట్టబోయే పిల్లకు ఈ జబ్బు వస్తే ఎవరో ఒకరు పాతికేళ్లు ఇదే పని చెయ్యాలి, లేదంటే అది రాసుకుంటూ చావాలి. రాకపోవచ్చు అన్న ఆశ మీద ఆ పందెం నేను కాయలేను.

పాత సాయీసు (బిలోలి):
అమ్మా, నీ కష్టం కాదనను. మరి వాళ్ల నాన్న అప్పు సంగతి ఎవరు చూస్తారు? ఈనించకుంటే అమ్మమనండి. మార్గశిరంలో జాతర నాటికి వెంట్రుక వచ్చేస్తుంది, మంచి ధర పలుకుతుంది.

బారాత్ ఇల్లాలు (ధర్మాబాద్):
కాకా, మాకు అమ్మినవాడు సరిగ్గా అదే చేశాడు. చలికాలంలో, నిండు జూలుతో, ఒక్క మాట చెప్పకుండా. ఈ తమ్ముడికీ అలాగే జరిగి ఉంటుంది, మొదటి వానకే బయటపడింది కదా. మాకు చెప్పి ఉంటే కొనకపోయేవాళ్లమో, కొన్నా తక్కువ ధరకు కొని మొదటి ఏడే జాగ్రత్త పడేవాళ్లమో. రెండేళ్లు అది ఉత్త పుణ్యానికి నరకం చూసింది. అమ్మాలంటే అమ్మండి, కొనేవాడికి చెప్పి అమ్మండి. వాగూ చెరువూ లేని మెట్ట ఊరివాళ్లకైతే ఇంకా మంచిది.

పాత సాయీసు (బిలోలి):
చెప్పకుండా అమ్మమని నేను అనలేదమ్మా. కానీ నా మాట అలాగే వినిపించింది, ఒప్పుకుంటున్నా. చెప్పి అమ్మాల్సిందే. ఈనించే విషయంలో మాత్రం నేను మారలేదు. ఒక్కసారి ఈనించి చూడాలి. పిల్లకు వస్తే మళ్లీ చేయించొద్దు.

పశువైద్య సహాయకుడు (మద్నూర్):
ఆ ఒక్క పిల్లే కదా కాకా పాతికేళ్లు బతికేది.

మంజీర ఒడ్డు (దెగ్లూర్):
ఐదు వారాలైంది, ఏం జరిగిందో చెబుతా. గుర్రాన్ని కాలువ గట్టు నుంచి ఊరి పైన మా చిన్నాన్న కొట్టంలోకి మార్చాను. ఫ్యాను పెట్టాను. శనగలు మాత్రం తగ్గించలేదు, అవే శనగలు. కాకా, మీ మాట పరీక్షించాలనే అలా చేశాను. ఇప్పుడు రాత్రిళ్లు నిలబడి నిద్రపోతోంది. తోక మొదట్లో పుండ్లు ఎండాయి, మెడ మీద మొలక వెంట్రుక చేతికి గరుకుగా తగులుతోంది.

నాన్నను వెంటబెట్టుకుని సాయంత్రం రెండు చోట్లకూ తీసుకెళ్లాను. పాత చోట దీపం కింద తెల్ల గుడ్డ పరిస్తే కాసేపట్లో మిరియం పొడి చల్లినట్టయింది. పై కొట్టంలో నాలుగో ఐదో. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మగగుర్రం వాళ్లకు ఫోన్ చేసి, ఈ ఏడు వద్దని చెప్పాడు. ఈ ఏడు అనే అన్నాడు. వచ్చే ఏడు మళ్లీ అడుగుతాడని నాకు తెలుసు, అప్పుడు కూడా వద్దనే అంటాను. అమ్మం. రెండో గుర్రం నల్లది, దానికి ఏ దురదా లేదు, ఆ మగగుర్రానికి దాన్ని చూపిద్దామంటే ఒప్పుకున్నాడు. నుక్రా పిల్ల పుట్టకపోవచ్చు, ధర తక్కువే రావచ్చు.

అక్కా, ఆ సన్న నేత జాలీ ధర్మాబాద్‌లో ఎక్కడ దొరికిందో చెప్పండి. పై కొట్టానికి రెండు కిటికీలున్నాయి.