డీఎంఎఫ్ ద్రావకం మానేశాక నానోఫైబర్లు అతుక్కుపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
విశాఖలో పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. వేడి ఉప్పునీటి ఆవిరిని మాత్రమే దాటనిచ్చి, నీటిని ఆపేసే పొర కోసం పీవీడీఎఫ్ అనే ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ని ఎలక్ట్రోస్పిన్నింగ్ చేస్తున్నాను, అంటే దాని ద్రావణాన్ని హై వోల్టేజ్‌తో సూదిలోంచి అతిసన్నని పోగులుగా ఫాయిల్ మీదకి లాగుతున్నాను. మొన్నటిదాకా డీఎంఎఫ్, అసిటోన్ కలిపి కరిగించేదాన్ని. నీటిబొట్టు తామరాకు మీద నిలిచినట్టు 135 డిగ్రీల కోణంలో నిలిచేది. ఈ కోణం ఎంత ఎక్కువైతే పొర నీటిని అంత బాగా ఆపుతుంది. మా ల్యాబ్‌లో అక్కకి ఇప్పుడు నాలుగో నెల. కడుపులో బిడ్డకు హాని అని డీఎంఎఫ్ సీసా మీదే ఉంటుంది. రోజూ ఆ హెచ్చరిక చూస్తూ ఆ సీసా తెరవబుద్ధి కాలేదు. నేనే పట్టుబట్టి డీఎంఎస్‌ఓ అనే మరో ద్రావకానికి మార్పించాను.

ఇప్పుడు ఫైబర్లు ఫాయిల్ మీద తడితడిగా పడి కలిసిపోతున్నాయి. కోణం 105కి పడిపోయింది. 18 శాతం ద్రావణం, డీఎంఎస్‌ఓ 7 పాళ్లు, అసిటోన్ 3 పాళ్లు, 15 కిలోవోల్టులు, సూది నుంచి ఫాయిల్‌కి దూరం 12 సెంటీమీటర్లు, ఫ్లో గంటకు 1 ఎంఎల్. మళ్లీ డీఎంఎఫ్ జోలికి వెళ్లాలని లేదు. దారి చెప్పండి.

జవాబు 1:
మంచి పని చేశావమ్మా. డీఎంఎఫ్ 153 డిగ్రీల దగ్గర మరుగుతుంది, డీఎంఎస్‌ఓకి 189 కావాలి. 12 సెంటీమీటర్లలో అది ఆరదు. అసిటోన్ సగానికి పెంచు, దూరం 18 చెయ్యి, ఫ్లో 0.5కి తగ్గించు. అసిటోన్ మరీ ఎక్కువైతే సూది మొన దగ్గర గడ్డకడుతుంది, చూసుకో. గదిలో తేమ కూడా కొలువు. డీఎంఎస్‌ఓ గాలిలోని నీటిని లాక్కుంటుంది, మీ ఊరి గాలి సంగతి తెలిసిందే. గ్లవ్స్ తియ్యొద్దు, అది చర్మంలోంచి ఇట్టే లోపలికి పోతుంది.

జవాబు 2:
పీవీడీఎఫ్ బదులు పీవీబీ అనే ప్లాస్టిక్ చూశారా అండీ? కారు ముందు అద్దం పొరల మధ్య ఉండేదే. ఒట్టి ఇథనాల్‌లో కరుగుతుంది, ఫ్లోరిన్ కూడా ఉండదు. నేను గుడ్డ మీద పూతగా వాడుతున్నాను. మీ వేడి ఉప్పునీటికి మాత్రం ఆగదు, మెత్తబడుతుంది. ఇథనాల్ ఆవిరి దగ్గర హై వోల్టేజ్ కాబట్టి గాలి బాగా ఆడాలి.

ప్రశ్న అడిగినవారు:
సర్, మీరు చెప్పినట్టే చేశాను. మొదటిరోజు తేమ 78 శాతం, ఏం మారలేదు. బాక్సులో సిలికాజెల్ పెట్టి 45కి దించాక ఫైబర్లు విడివిడిగా వచ్చాయి. కోణం 131. అక్క నిన్న తనే వచ్చి మైక్రోస్కోప్‌లో చూసింది.