ప్రభుత్వ మేనేజర్ల శిక్షణలో ఇస్లామీ నాయకత్వం: ఆన్‌లైన్‌లో ఏది, తరగతిలో ఏది?

ప్రశ్న: మధ్యస్థాయి అధికారులకు 6 వారాల కోర్సు. సగం ఆన్‌లైన్, సగం ముఖాముఖి అని నిర్ణయం. దేన్ని ఎటు పెట్టాలి?

జవాబు 1: గంటల్ని సగం సగం పంచకండి. ఒంటరిగా చదివితే అర్థమయ్యేది ఆన్‌లైన్‌కి, నలుగురు కూర్చుంటేనే వచ్చేది తరగతికి. అమానత్ (అప్పగించినదాన్ని నమ్మకంగా నిలబెట్టడం; ఖుర్ఆన్ 4:58) లాంటి భావనలకు 8 నిమిషాల వీడియో, మూడు ప్రశ్నలు చాలు. షూరా (నలుగురినీ సంప్రదించి నిర్ణయించడం; ఖుర్ఆన్ 42:38) మాత్రం వీడియో చూస్తే అబ్బదు. ఆరుగురి జట్టుకు బడ్జెట్ కోత కేసు ఇవ్వండి. హోదాలో చిన్నవాళ్లు ముందు మాట్లాడాలి, పెద్దాయన చివర. వరస తిరగబడితే మిగతావాళ్లు తలూపుతారు, అంతే. అది సంప్రదింపు కాదు.

జవాబు 2: టెండర్ల పాఠానికి ఇబ్న్ అల్ లుత్బియ్యా అనే వసూలుదారు హదీసు (ప్రవక్త ముహమ్మద్ మాటలు, చేతల కథనం) సరిగ్గా సరిపోతుంది. జకాత్ (ముస్లింలు తప్పనిసరిగా ఇచ్చే దానం) వసూలు చేసి వచ్చి, "ఇది మీది, ఇది నాకిచ్చిన కానుక" అన్నాడాయన. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త నిలదీశారు. కానుక మనిషికా, కుర్చీకా అన్నదే పరీక్ష. ఇది ముస్లిమేతర అధికారులకూ ఇట్టే అర్థమవుతుంది. తర్వాత మీ శాఖ కానుకల నిబంధనను దీని పక్కనే ఉంచి తేడాలు రాయించండి.

జవాబు 3: అసలు చెడేది వేరేచోట. వీడియో చూడకుండా వస్తారు, శిక్షకుడు జాలిపడి మళ్లీ చెబుతాడు. రెండో వారం నుంచి ఎవరూ చూడరు. పాఠం తిరిగి చెప్పొద్దు. మొదటి 10 నిమిషాలు క్విజ్, ఆపైన నేరుగా కేసు. ఇంకోటి, ఆఫీసు వేళల్లోనే వారానికి 2 గంటలు రాతపూర్వకంగా కేటాయించకపోతే ఆన్‌లైన్ భాగం కాగితం మీదే ఉంటుంది.

ప్రశ్న వేసినవారు: మార్కులు?

జవాబు 1: క్విజ్‌కి తక్కువే. కోర్సు ముగిసిన 30 రోజులకు, ఒక నిజమైన నిర్ణయంలో ఎవరిని సంప్రదించారో, ఎవరి అభ్యంతరం ఎందుకు తోసిపుచ్చారో ఒక పేజీ అడగండి.