మాడ్రిడ్ గడప తొక్కని రాయబారిని దాతగా కొలవాలా?

చరిత్రపిచ్చి:
మూడో జేమ్స్ బోడిన్ (1752–1811) అనగానే అమెరికాలో బోడిన్ కాలేజీ దాత అంటారు. 1804లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఆయన్ని స్పెయిన్‌కి రాయబారిగా నియమించాడు. 1805లో స్పెయిన్‌లోని శాంటాండర్ రేవులో దిగి, ఒంట్లో బాగాలేదని లండన్ వెళ్లి, అక్కణ్ణుంచి పారిస్ చేరాడు. రాజధాని మాడ్రిడ్‌కి వెళ్లనేలేదు. పదవి స్పెయిన్‌ది, కాపురం పారిస్‌లో. ఇలాంటి మనిషిని అంతగా పొగడాలా?

సముద్రతీరం:
నాదీ అదే మాట. స్పెయిన్ నుంచి ఫ్లోరిడా కొనే బేరానికి 1806లో, పారిస్‌లో అమెరికా రాయబారి ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి పనిచేయమంటే ఇద్దరికీ అస్సలు పడలేదు. ఒకే దేశం మనుషులు కొట్లాడుకుంటే అవతలివాళ్లకి అలుసు కాదా? 1808లో ఏమీ సాధించకుండానే ఇంటికొచ్చాడు.

పాతపుస్తకం:
ఆర్మ్‌స్ట్రాంగ్‌తో గొడవ విషయంలో బోడిన్‌ని నేనూ వెనకేసుకురాను. కానీ మాడ్రిడ్ వెళ్లుంటే పనయ్యేదా అండీ? అదే 1805లో అమెరికా తరఫున వెళ్లిన జేమ్స్ మన్రో అక్కడ నెలల తరబడి కూర్చుని వట్టి చేతులతో తిరిగొచ్చాడు. మరి ఆయన్ని ఎందుకు నిలదీయం? స్పెయిన్ మెడలు వంచగలిగేది నెపోలియనే అని నమ్మి, బేరాన్ని పారిస్‌కి మార్చింది జెఫర్సనే. ఫ్లోరిడా ఇస్తామని స్పెయిన్ సంతకం పెట్టింది 1819లో, బోడిన్ పోయిన 8 ఏళ్లకి.

ఇక దానం సంగతి. కాలేజీ పేరు మసాచుసెట్స్ గవర్నరుగా చేసిన తండ్రిది. 1794లో చార్టర్ (కాలేజీ స్థాపనకి అనుమతి పత్రం) వచ్చినప్పుడు కొడుకు డబ్బూ, భూమీ ఇచ్చాడు. అయినా 1802 దాకా పాఠాలు మొదలుకాలేదు. మెయిన్‌లో, బ్రన్స్‌విక్ అనే చిన్న ఊళ్లో ఉన్న ఆ కొత్త కాలేజీకి వీలునామాలో ఆయన ఏం రాసిచ్చాడో చూడండి: 2,000 దాకా పుస్తకాలు, ఖనిజాల నమూనాలు, 70 వర్ణచిత్రాలు, 140 పైచిలుకు డ్రాయింగులు. 16వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ సొంత చేత్తో గీసిన వాల్టర్స్‌బర్గ్ కొండల దృశ్యం వాటిలోదే! అప్పట్లో అమెరికా కుర్రాళ్లలో బ్రూగెల్ గీతని కళ్లారా చూసే భాగ్యం ఎంతమందికి ఉండేది? నాకైతే ఒక విఫలమైన ఒప్పందం కంటే ఇదే పెద్ద విషయం.

చరిత్రపిచ్చి:
మన్రో సంగతి ఒప్పుకుంటాను, బ్రూగెల్ బొమ్మ విలువా కాదనను. కానీ ఆరోగ్యం సహకరించనప్పుడు శాంటాండర్‌లోనే రాజీనామా రాసి ఉండాల్సింది. ఆయన పారిస్‌లో ఉన్నన్నాళ్లూ మాడ్రిడ్‌లో అమెరికా పనులు చక్కబెట్టింది జార్జ్ ఎర్వింగ్. ఆయనకి మాత్రం అప్పట్లో రాయబారి హోదా ఇవ్వలేదు. ఎర్వింగ్ పేరు మీలో ఎంతమంది విన్నారు?