'ఆనతినీయరా' మగపిల్లల పాటా?

గ్రీమ్స్‌పేట అమ్మ:
మాది చిత్తూరు. పాప ఎనిమిదో తరగతి. మొన్న మా వీధి పాటల పోటీలో స్వాతికిరణంలోని 'ఆనతినీయరా' పాడింది. చరణంలో ఒకచోట ఊపిరి చాలక ఆగింది, మిగతాదంతా బాగానే పాడింది. జడ్జిగా వచ్చినాయన మార్కులు తగ్గించి, అది మగపిల్లాడి పాట, ఆడపిల్ల గొంతుకు నప్పదు అన్నాడు. సినిమాలో పిల్లాడే కదా పాడేదని నేనూ నోరు మూసుకుని వచ్చేశాను. పాప రాత్రి అన్నం కూడా తినలేదు. ఇంతకీ ఆ పాట పాడిందెవరు?

పాటల పిచ్చి:
అక్కా, తెర మీద పెదాలు కదిపింది మాస్టర్ మంజునాథ్, గొంతు వాణీ జయరాం గారిది. ఆమె పుట్టింది 1945లో, అంటే అప్పటికి నలభై అయిదేళ్లు అటూ ఇటూ. గొంతులో బరువంతా తీసేసి, సంగతులు, అంటే ఒకే లైన్‌ను మార్చి మార్చి పాడే మలుపులు, ఎంత కష్టమైనవైనా పిల్లాడు ఆడుకుంటూ పాడినట్టు తేలిగ్గా వేసుకుంటూ పోతారు. దానికే జాతీయ అవార్డు వచ్చింది, అదీ ఉత్తమ 'గాయని'గా! జడ్జి గారు మళ్లీ కనిపిస్తే చెప్పండి.

కట్టమంచి వాసి:
పుట్టింది వేలూరులో, మనకు గంట ప్రయాణం. మా నాయనకైతే ఆమె తమిళ గాయనే, రేడియోలో 'మల్లిగై ఎన్ మన్నన్ మయంగుం' వస్తే ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. బ్యాంకు ఉద్యోగం వదిలి పాటలోకి వచ్చిన మనిషి. 1971లో హిందీ సినిమా 'గుడ్డీ'తో దేశమంతా తెలిసింది. జాతీయ అవార్డులు మూడు: అపూర్వ రాగంగళ్, శంకరాభరణం, స్వాతికిరణం.

పాత క్యాసెట్లు:
మూడింట్లో రెండు తెలుగువే, అయినా మనవాళ్లు ఆమెను సరిగ్గా వాడుకోలేదనే నేనంటాను. 1973లో అభిమానవంతులుతో తెలుగులోకి వస్తే, తర్వాత శాస్త్రీయమో భక్తో ఉంటే తప్ప గుర్తు రాలేదు. ఆ రెండు సినిమాలకూ దర్శకుడు విశ్వనాథ్, సంగీతం మహదేవన్, వాళ్లే లేకపోతే మనకు ఆమాత్రం కూడా దక్కేది కాదేమో. 2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు పోతే 4న ఈమె పోయారు. పద్మభూషణ్ ప్రకటించి పట్టుమని పదిహేను రోజులు కూడా కాలేదు, చేతికి అందనేలేదు.

పాటల పిచ్చి:
@పాత క్యాసెట్లు, 'వాడుకోలేదు' అంటే ఒప్పుకోనన్నా, అన్ని భాషల్లో పాడుతూ తీరికేది ఆమెకు?

గ్రీమ్స్‌పేట అమ్మ:
అందరికీ థ్యాంక్స్. పాపకు మీ జవాబులు చదివి వినిపించి పాట పెట్టాను. తను ఆగిన చోటు రాగానే నా చేతిలో ఫోన్ లాక్కుని నాలుగుసార్లు వెనక్కి పెట్టుకుని విన్నది. మళ్లీ పాడతానంటోంది. సినిమాలో ఉన్న శ్రుతిలోనే పాడాలా?

పాటల పిచ్చి:
అక్కర్లేదక్కా. తన గొంతుకు ఏది హాయిగా ఉంటే అందులోనే పాడమనండి. ట్రాక్ పెట్టుకుంటే ఆ శ్రుతికే కట్టుబడాలి, అందుకని ఒట్టి తంబూర యాప్ చాలు. ఊపిరి మాటకు ముందు తీసుకోవాలి, మాట మధ్యలో కాదు.